ఒక వేసవంతా హీట్

పోయిన నెల రూతమ్మగారి మనవడు విశాఖపట్నంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఒక పాత నోటుపుస్తకం చేతికిచ్చాడు. రూతమ్మగారు పోయాక ఆవిడ రేకుపెట్టె ఖాళీ చేస్తే అందులో ట్యూషను పిల్లల పుస్తకాలు ఒక కట్ట దొరికాయట. మిగతావాళ్ళ చిరునామాలు తెలియలేదుగానీ నాది మాత్రం సులువుగా దొరికిందన్నాడు. ఎలాగంటే, నా పుస్తకం నాకు తిరిగి ఇచ్చెయ్యమని పెళ్ళయిన కొత్తలో నేను ఆవిడకి రాసిన ఉత్తరాలు మూడూ ఆ పుస్తకంలోనే మడతపెట్టి ఉన్నాయి. మూడో ఉత్తరం కొంచెం ఘాటుగా ఉంది. అతను అది చదివాడని మొహం చూస్తే తెలిసిపోయింది. కాఫీ తాగినంతసేపూ నాతో చాలా జాగ్రత్తగా మాట్లాడాడు.

పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ పైనా ఒకటే ఇంగ్లీషు మాట. హీట్. నలభై పేజీలు, ఎర్ర సిరాతో దిద్దుబాట్లు, మధ్యలో ఎక్కడో చెమటచుక్క పడి అలుక్కుపోయిన అక్షరాలు. పదో తరగతి రాసి పదకొండులో చేరడానికి ముందు వచ్చిన వేసవి అంతా నేను ఆ ఒక్క మాట మీదే కూర్చున్నాను. ఆ వేసవి గురించి నా దగ్గర చాలా ఫిర్యాదులు ఉండేవి. నాకు జరిగిన చిన్నచూపులు నేను మరిచిపోను. ఎవరు, ఎక్కడ, ఏ గుమ్మంలో నిలబడి అన్నారో కూడా గుర్తుంటుంది. ఇది మంచి గుణం కాదని మా ఆయన పెళ్ళయినప్పటినుంచి చెబుతున్నారు. అలా చెప్పడం కూడా నాకు గుర్తుంది. కానీ ఆ వేసవిలోని ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పెద్దది నాకు తెలియకుండానే తీరిపోయింది. అది ఎలా తీరిందో రాయాలనిపించింది.

అప్పుడు మేము భిలాయిలో క్యాంప్ వన్‌లో ఉండేవాళ్ళం. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో కూలీల కోసం వేసిన లైన్లు అవి. రెండు గదులు, వెనక చిన్న పెరడు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మనిషి పట్టే సందు. నాన్న బొబ్బిలి దగ్గర పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ప్లాంటులో చేరాడు. పాత ఫర్నేసుల దగ్గర, ఉక్కు కరిగించే చోట ఆయన పని. మార్నింగు షిఫ్టు అయితే అమ్మ నాలుగున్నరకే లేచి పెరట్లో సిగిడీ, అంటే బొగ్గులపొయ్యి, రాజేసేది. ఆ బొగ్గుపొగ వాసనకే నాకు మెలకువ వచ్చేది. నాన్న చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, మిగిలింది డబ్బాలో పెట్టించుకుని, నీలం యూనిఫాం తొడుక్కుని సైకిలెక్కేవాడు. ఆ యూనిఫాంని అమ్మ ఎంత ఉతికినా, ఎన్ని నీళ్ళు మార్చినా ఇనుము వాసన పోయేది కాదు. గోడకి కొట్టిన మేకుకి నాన్న నీలం గాజు వేలాడేది. చెక్క చట్రంలో బిగించిన ఆ గాజులోంచి చూస్తే తప్ప ఫర్నేసు లోపలికి చూడటం కుదరదు. గ్రహణం రోజున లైనులో పిల్లలందరూ ఆ గాజు కోసం మా గుమ్మంలో బారు తీరేవాళ్ళు. ఎవరు ముందు చూడాలో నేను చెప్పేదాన్ని.

మా ఇంట్లో హీట్ అంటే వేడి కాదు. ఒక హీట్ అంటే ఒక్కసారి కరిగించి దించిన ఉక్కు మొత్తం. ఇవాళ ఎన్ని హీట్లు దిగాయి, ఏ హీట్ ఆలస్యమయింది, ఏ హీట్ శాంపిలు సరిగా రాలేదు, ఇవే నాన్న కబుర్లు. ఆయన నోట్లో మాట మొదట్లోని హకారం పలకదు. హోటలుని ఓటలు అన్నట్టే దీన్నీ ఈటు అనేవాడు. అమ్మ కూడా అంతే. ఊరినుంచి మా పిన్ని వచ్చినప్పుడు అమ్మ వీధరుగు మీద కూర్చుని, నిన్న మా ఆయనది ఈటు పాడయిపోనాది, అన్నం కూడా తిన్నేదు అని చెబితే పిన్ని అదేదో రోగం అనుకుని రెండురోజులు నాన్న వంక జాలిగా చూసింది.

ఇంకొక మాట కూడా మా క్యాంపులో పిల్లలకి అమ్మానాన్నల పేర్ల తర్వాత వచ్చేది. రిలీవరు. షిఫ్టు అయిపోయిందని సైరను మోగినంత మాత్రాన ఫర్నేసు దగ్గరి మనిషి ఇంటికి రాకూడదు. తరవాతి షిఫ్టు మనిషి వచ్చి, ఎదురుగా నిలబడి, ఏది ఎంతవరకు వచ్చిందో విని, సరే అన్నాకే ఇతను కదలాలి. ఆ వచ్చేవాడే రిలీవరు. అతను సరే అన్న క్షణం నుంచి ఆ పని అతనిదే, ఆ చోటు అతనిదే, ఇక ఎవరూ అడగరు. ఈ పద్ధతి ప్లాంటు గేటు దాటి మా లైన్లలోకి కూడా వచ్చేసింది. కుళాయి దగ్గర వరసలో అమ్మ బిందె పెట్టి పక్కింటామెను నిలబెట్టి వస్తే ఆవిడ అమ్మకి రిలీవరు. ఆస్పత్రి చీటీ కోసం నిలబడినచోటా అంతే. నేను పప్పు కలుపుతానని వెళ్తే అమ్మ గరిటె ఇచ్చేసి, రిలీవరు వొచ్చీసింది, నాను ఎల్తన్నాను అనేది. ఒకరి బదులు ఇంకొకరు నిలబడితే మావాళ్ళెవరికీ తప్పుగా తోచేది కాదు. ఇది ఇక్కడే చెప్పడం ఎందుకంటే, తరవాత జరిగినదంతా దీనివల్లే జరిగింది.

నాన్న రిలీవరు సాహు చాచా. దుర్గ్ వైపు పల్లెటూరి మనిషి, ఛత్తీస్‌గఢీ తప్ప వేరే ఏది మాట్లాడినా తడుముకునేవాడు. నాన్న తడుముకుంటూ మాట్లాడే హిందీ, ఆయన తడుముకుంటూ మాట్లాడే హిందీ కలిస్తే ఇద్దరికీ సరిపోయేది. ఆయన డబ్బాలో బాసీ ఉండేది. అదీ మా చద్దన్నమే, నీళ్ళు కొంచెం ఎక్కువ. నాన్న దిగే వేళకి, ఆయన ఎక్కే వేళకి మధ్య ఉన్న పది నిమిషాల్లో ఇద్దరూ డబ్బాలు మార్చుకుని చెరో నాలుగు ముద్దలు తినేవారట. మా ఇంటికి పండక్కి వస్తే గుమ్మం బయటే చెప్పులు విడిచి, గమ్ఛా తీసి మొహం తుడుచుకుని, నన్ను బిటియా అని పలకరించి, ఆ తరవాత ఏం మాట్లాడాలో తెలియక గోడనున్న క్యాలెండరు చూస్తూ కూర్చునేవాడు.

నేను పదోతరగతి దాకా హిందీ మీడియంలో చదివాను. మార్కులు బాగా వచ్చాయి. ప్లాంటు టౌన్‌షిప్‌లో ఒక సెక్టార్లో ఉన్న ఇంగ్లీషు మీడియం బడిలో పదకొండు సైన్సులో చేరాలని నా పట్టు. అక్కడ చదివితే తప్ప ముందు చదువులకి దారి లేదని మా హెడ్ మాస్టరు చెప్పాడు. ఆ బడిలో హిందీ మీడియం పిల్లలకి కొద్ది సీట్లే. మార్కులతోబాటు ఇంగ్లీషులో నోటి పరీక్ష పెడతారు. ఆ పరీక్షకి తండ్రి వెంట రావాలి. దరఖాస్తు తేవడానికి వెళ్ళినరోజే నాకు మొదటి చిన్నచూపు జరిగింది. సాహు చాచా మాట్లాడే భాష పేరుతోనే రాష్ట్రం అప్పుడే కొత్తగా ఏర్పడింది. దరఖాస్తుల మీద పాత రాష్ట్రం పేరే అచ్చు వేసి ఉంటే, దాన్ని పెన్నుతో కొట్టేసి కొత్త పేరు రాసి ఇస్తున్నాడు గుమాస్తా. ఒక రాష్ట్రం పేరు దిద్దడానికి ఓపిక ఉన్న మనిషి, మాతృభాష అన్నచోట నన్ను అడగకుండానే మద్రాసీ అని రాసేశాడు. అది భాష కాదు అన్నాను. అందరూ అదే అంటారు అన్నాడు. నేను కొట్టేసి తెలుగు అని రాసేవరకు కిటికీ దగ్గరినుంచి కదలలేదు. నా వెనక పదిమంది తిట్టుకున్నారు. ఆ గుమాస్తా మొహం నేను ఇవాళ్టికీ గీసి చూపించగలను.

ఇంగ్లీషు కోసం నేను పవర్ హౌస్ బజారులో ముప్ఫై రోజుల్లో మాట్లాడించే చోటుకి వెళ్తానన్నాను. అమ్మ నన్ను రూతమ్మగారి దగ్గరకి పంపింది. ఆవిడది గుంటూరు వైపు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయి, కొడుకుతో మా వెనక లైనులో ఉండేవారు. ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో పొద్దున్నే ట్యూషను. ఇంట్లో ఎప్పుడూ డెట్టాలూ సాంబ్రాణీ కలిసిన వాసన. తలుపుకి తడిపిన గోనెసంచి వేలాడదీసేవారు. వడగాలి దానిలోంచి వస్తే గదంతా తడిమట్టి వాసన. నేను మొదటిరోజు వెళ్ళి ఏదో అడగబోతూ ఏటి అన్నాను. "ఏటి కాదమ్మాయ్, ఏమిటి. ముందు తెలుగు చూసుకో" అన్నారు ఆవిడ అందరి ముందూ. ఇది రెండో చిన్నచూపు. అసలే మా భాషని మద్రాసీ అన్నవాడి మీద కోపంతో ఉన్నాను, ఇప్పుడు మా తెలుగు తెలుగే కాదని ఈవిడ.

ఆవిడ చదువు చెప్పే తీరు వేరే ఎక్కడా లేదు. వ్యాకరణం లేదు, పాఠం లేదు. చిన్న ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని, పిల్లకొక మాట చొప్పున ఇచ్చి, అది ఒంటబట్టేదాకా వదలకపోవడం. మీ ఇంట్లో రోజూ వినపడే ఇంగ్లీషు మాట ఏది అని అడిగారు. హీట్ అన్నాను. అయితే అదే నీది అన్నారు. పేజీకి ఎడమవైపు దాని అర్థాలు, కుడివైపు దానిలా పలికే మాటలు. పొద్దున్న పలకడం. హీట్ అన్నప్పుడు పెదాలు నవ్వుతున్నట్టు పక్కకి సాగాలి, హిట్ అన్నప్పుడు పుల్ల విరిచినట్టు తెగిపోవాలి. మా లైనులో పిల్లలకి రెండూ ఒకటే. గోడ అద్దం ముందు నిలబెట్టి, సీట్, మీట్, నీట్, బీట్, షీట్, స్వీట్ అని వరసగా అనిపించేవారు. తరవాత సిట్, మిట్, నిట్, బిట్. నవ్వు, తెంచు. నవ్వు, తెంచు. మొదటి హల్లు మారితే మనిషి మారతాడు, వెనకున్న అచ్చు మారితే ఇల్లే మారుతుంది అనేవారు. ముందు హకారం ఎగరగొడితే ఈట్ అవుతుంది, అప్పుడు అది తినడం అన్నారు. నాన్న రోజూ అంటున్నది అదేనని చెప్పాలనిపించిందిగానీ, ఇంట్లోవాళ్ళని పరాయివాళ్ళ ముందు నవ్వులపాలు చెయ్యడం నాకు ఇష్టం లేదు. మింగేశాను.

అర్థాల వైపు పేజీలు నిండుతూ వచ్చాయి. వేడి మొదటిది. దాన్నే క్రియగా వాడితే వేడి చెయ్యడం. మిరపకాయ ఘాటు కూడా హీటే. కోపంలో నోరు జారినా ఆ మాటే వాడతారు. పరుగుపందెంలో పిల్లలు ఎక్కువైతే ముందు విడతలుగా పరిగెత్తించి వడబోస్తారు, ఒక్కొక్క విడతా ఒక హీట్. ఒకరి మీద ఒత్తిడి పెరిగితే అదీ హీటే. ఎండాకాలం వీపు మీద లేచే చెమటపొక్కులకి ముందు ఒక మాట తగిలించి చెబుతారు, వడదెబ్బకి వెనక ఒక మాట తగిలించి చెబుతారు. ఆవు ఎదకి వచ్చినప్పుడు కూడా అదే మాట అని రూతమ్మగారు ఏ సంకోచమూ లేకుండా చెప్పారు, నర్సుగా చేసిన మనిషి కదా. ఆడపిల్లలం తలలు పుస్తకాల్లో దూర్చేశాం. అన్నీ అయ్యాక నేను మా నాన్న హీట్ గురించి చెప్పాను. అది ప్లాంటువాళ్ళు పుట్టించుకున్న మాటేమో, పుస్తకాల్లో ఉండదేమో అని పక్కనున్న పిల్ల నవ్వింది. రూతమ్మగారు లేచి లావుపాటి నిఘంటువు తెచ్చి, వేలుపెట్టి వెతికి చూపించారు. ఉంది. ఒక్కసారికి కరిగించిన లోహం. మా నాన్న మాట అంత పెద్ద పుస్తకంలో అచ్చయి ఉండటం చూసి నాకు కలిగిన నిబ్బరం చెప్పలేను. అయినా ఇంటికొచ్చి, వేసవంతా ఒక్క మాటేనా, పవర్ హౌస్‌లో చేరినవాళ్ళు అప్పుడే వాక్యాలు మాట్లాడుతున్నారు అని అమ్మ మీద గొడవ పెట్టాను. రోజూ పెట్టాను.

పరీక్ష రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడుగంటలకి. నాన్న మార్నింగు షిఫ్టు, రెండింటికి దిగి తిన్నగా బడికి వస్తానన్నాడు. నేను సైకిలు మీద ముందే వెళ్ళి గేటు లోపల వేపచెట్టు కింద నిలబడ్డాను. మిగతా పిల్లల తండ్రులు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి కూర్చున్నారు. రెండున్నర అయింది. మూడు అయింది. పేర్లు పిలవడం మొదలుపెట్టారు. తండ్రి లేకుండా లోపలికి పంపనని గుమాస్తా ముందే చెప్పాడు. నాది ఆరో పేరు. నాలుగో పేరు పిలిచేసరికి గేటు దగ్గర సైకిలు ఆగింది. నీలం యూనిఫాం, ఇనుపముక్కు బూట్లు, మెడలో గమ్ఛా. నాన్నే అనుకుని పరిగెత్తాను. సాహు చాచా.

హీట్ పాడయిందని, శాంపిలు సరిగా రాలేదని, ఎప్పుడు దిగుతుందో తెలియదని చెప్పాడు. రెండింటికి తను డ్యూటీ ఎక్కడానికి వెళ్తే, రావు తనకి హీట్ అప్పగించలేదట. ఫోర్‌మన్‌ని అడిగి తనని ఇటు పంపి, అక్కడ ఆయనే ఉండిపోయాడట. మా నాన్న పేరు అప్పారావు, అక్కడ అందరికీ రావే. నాన్న రాలేదు, పైగా నా దగ్గరికి రిలీవరుని పంపించాడు. కుళాయి దగ్గర బిందెకి పెట్టినట్టు.

గుమాస్తా నా పేరు పిలిచి, ఇతనెవరు అని అడిగాడు. సాహు చాచా బూట్లు దగ్గరగా పెట్టుకుని నిలబడి, ప్లాంటులో చెప్పినట్టే, తను ఈ పిల్ల తండ్రికి రిలీవరునని చెప్పాడు. గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. "బాప్ కా భీ రిలీవర్?" అన్నాడు. తండ్రికి కూడా రిలీవరు ఉంటాడా అని. ఇస్త్రీ చొక్కాలన్నీ నవ్వాయి. సాహు చాచాకి అందులో నవ్వడానికి ఏముందో అర్థం కాలేదు. ఉంటాడు కదా అన్నట్టు తల ఊపాడు. నేను ఏడవలేదు. గుమాస్తాతో, ఇతన్ని నాతో లోపలికి పంపకపోతే నేను ఇక్కడే కూర్చుంటాను, రేపు కూడా వస్తాను, ఎల్లుండి కూడా వస్తాను అన్నాను. దరఖాస్తు రోజు అతనికి గుర్తొచ్చి ఉండాలి. లేచి లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, ఇద్దర్నీ లోపలికి పొమ్మన్నాడు.

లోపల పరీక్ష పెట్టే మేడమ్ ఒక్కరే ఉన్నారు. వట్టివేళ్ళ కూలరు చల్లగా తిరుగుతోంది. ఆవిడ సాహు చాచాని కుర్చీలో కూర్చోమంటే ఆయన యూనిఫాం మసి అంటుతుందని కూర్చోలేదు. తండ్రి ఎందుకు రాలేదని ఆవిడ హిందీలో అడిగారు. ఆయన తన భాషలో, చేతులు తిప్పుతూ, చాలాసేపు చెప్పాడు. చేతులు ఎత్తినప్పుడు చొక్కా చెయ్యి పైకి జారి, కుడి ముంజేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, కాలి ముడుచుకుపోయిన తోలు మచ్చ కనపడింది. అన్నేళ్ళుగా చూస్తున్న మనిషే, ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా వేసేవాడు గనక ఆ మచ్చని నేను చూడటం అదే మొదటిసారి. మేడమ్‌కి ఏమీ బోధపడలేదు. ఆ ఊళ్ళో పదేళ్ళుగా ఉంటూ ఫర్నేసు చూడని మనుషులు చాలామంది ఉండేవారు. ఆవిడ నా వైపు తిరిగి, ఆయన చెప్పింది ఇంగ్లీషులో చెప్పు అన్నారు. నా పరీక్ష అదే అయింది.

చెప్పాను. హీట్ అంటే ఇక్కడ వేడి కాదని మొదలుపెట్టాను. పెదాలు పక్కకి సాగదీసి పలికాను. ఫర్నేసులో ఏం వేస్తారో, ఎంతసేపు కాగుతుందో, నీలం గాజులోంచి ఎలా చూస్తారో, చెంచా లాంటి కడ్డీతో శాంపిలు ఎలా తీస్తారో, శాంపిలు సరిగా రాకపోతే ఏం చేస్తారో, నాన్న కబుర్లలో పదహారేళ్ళుగా విన్నదంతా నాకు వచ్చిన ముక్కల ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. వాక్యాలు తప్పాయి. మాట దొరకని చోట చేత్తో చూపించాను. ఇప్పుడు ఆ హీట్ పాడయింది, పాడయిన హీట్‌ని మా నాన్న వదలడు అన్నాను. ఎందుకు వదలడు, వేరే మనిషి ఉన్నాడు కదా అని మేడమ్ సాహు చాచా వైపు చూస్తూ అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలియదు. అరగంటగా నన్ను లోపల కాలుస్తున్న ప్రశ్న కూడా అదే. "నాకూ అదే తెలియాలి మేడమ్" అని ఇంగ్లీషులోనే అనేశాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. ఆవిడ నవ్వలేదు. ఏదో రాసుకుని, వెళ్ళండి అన్నారు.

సీటు పోయిందనే అనుకున్నాను. నాన్న ఆరింటికి ఇల్లు చేరాడు. కనుబొమలు మాడి ఉన్నాయి. హీట్ చివరికి దిగిందని అమ్మతో చెప్పాడు. నన్ను ఏమయిందని అడిగితే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆరోజు నుంచి ఆయనతో మాట మానేశాను. ఆయన ముందు అన్నం గిన్నె పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. అమ్మ నన్ను కసురుకుని, బతిమాలి, చివరికి వదిలేసింది. నాన్న డ్యూటీకి వెళ్ళేముందు నా వైపు ఒకసారి చూసి సైకిలు తీసేవాడు. మాటలు లేని ఆ రోజులు నేను చాలా గట్టిగా నిలబడ్డాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన సైకిలు గంట చప్పుడే గుర్తొస్తుంది.

అయిదో రోజు బడి బోర్డు మీద పేర్లు అంటించారు. సైకిలు మీద వెళ్ళి కింది నుంచి పైకి చదివాను. చివర లేదు, మధ్యలో లేదు. పై నుంచి రెండోది నాది. ఆ బోర్డు కిందే కూర్చుండిపోయాను. అంత తేలిక నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా. ఇంటికి వచ్చేసరికి అమ్మ లేదు. నాన్న వీధరుగు మీద కూర్చుని సైకిలు గొలుసుకి నూనె పోస్తున్నాడు. చెప్పడానికి ఇంకెవరూ లేరు. సీటొచ్చింది అన్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు, తలెత్తలేదు. అప్పుడు నేను అయిదురోజులుగా పళ్ళమధ్య పట్టుకున్నది అడిగేశాను. హీట్‌ని సాహు చాచా చేతిలో పెట్టలేకపోయావు, నన్ను ఎలా పెట్టావు అని.

నాన్న గుడ్డ పక్కన పెట్టాడు. "సాహు సెయ్యి సూసినావా?" అన్నాడు.

చూశానన్నాను.

"నువ్వు పుట్టినావని ఊర్నించి టెలిగ్రాం వొచ్చింది. ఆయేల ఈటు బాగోనేదు. నాకు తెలుసు. రైలు దొరకదని ఆడి సేతిలో ఎట్టీసి ఎల్లిపోనాను. బాగానే ఉందని సెప్పీసి ఎల్లిపోనాను. నిన్ను సూసీసి తిరిగొచ్చేతలికి ఆడు ఆస్పత్రిలో ఉన్నాడు." గొలుసు ఒకసారి చేత్తో తిప్పాడు. "పాడయిన ఈటు ఎవులి సేతిలోనూ ఎట్టకూడదే గుంటా. పాడుసేసినోడే దించుకోవాల."

మరి నేను అన్నాను.

"నువ్వు పాడవనేదు గదా. రూతమ్మగోరి ఇంటికాడ నువ్వు పలకతంటే సందులో సైకిలు ఆపి ఇన్నాను. బాగా కాగినదాన్ని ఎవులి సేతిలో ఎట్టినా బయం నేదు. అందులోనూ ఆడి సేతిలో."

పదహారేళ్ళు మా ఇంటికి వచ్చి, క్యాలెండరు చూస్తూ కూర్చుని వెళ్ళిన మనిషి, ఆ చెయ్యి ఎలా కాలిందో ఒక్కసారీ అనలేదు. నేను పుట్టడం వల్ల కాలిందని నన్ను చూసినప్పుడల్లా ఆయనకి గుర్తొచ్చి ఉండాలి. మరిచిపోలేదు, ఫిర్యాదూ చెయ్యలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చునని నాకు అంతవరకు తెలియదు.

చేరే రోజున నాన్న వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతోనే. దరఖాస్తులో తండ్రి అందుబాటులో లేకపోతే ఎవరికి కబురు చెయ్యాలో రాయమని ఒక గడి ఉంది. మామయ్య పేరో బాబాయి పేరో రాస్తారు అందరూ. నేను సాహు చాచా పేరు చెప్పాను. ఏమవుతాడు అని గుమాస్తా అడిగాడు. అతని పెదవి అప్పుడే వంకర తిరుగుతోంది. రిలీవరు అన్నాను. అలా రాయడానికి లేదన్నాడు. ఉంది, గడి ఖాళీగానే ఉంది అన్నాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు, ఆపడానికో, ఆనుకోవడానికో తెలియదు. మా వెనక వరస పెరుగుతోంది. చివరికి గుమాస్తా ఆ మాటే రాశాడు. రెండేళ్ళూ ఆ బడి కాగితాల్లో అలాగే ఉంది.

ఇప్పుడు నా కూతురి బడిలోనూ అలాంటి గడి ఒకటి ఉంది. నా ఉద్యోగంలో సెలవులకి లోటు లేదు. దాని మీటింగులన్నిటికీ నేనే వెళ్తాను, ఎవరినీ పంపాల్సిన అవసరం రాదు. ఆఫీసులో నా పని ఇంకొకరికి అప్పగించాలన్నా మెయిలు పెట్టేస్తే చాలు. ఎదురుగా నిలబడి, ఇది బాగుంది, ఇది బాగోలేదు అని చెప్పి, అవతలివాళ్ళు సరే అన్నాక కదలడం ఎవరికీ తెలియదు. పుస్తకం ఇంటికి వచ్చిన వారమే, కొత్త సంవత్సరం దరఖాస్తు నింపుతూ ఆ గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎవరెవరు నన్ను ఏమన్నారో గుర్తున్న మనిషికి ఇది కష్టమైన గడి. బంధువుల పేర్లు ఒక్కొక్కటే తీసేశాను. చివరికి కింది వాటాలో ఉండే జానకిగారి పేరు రాశాను. ఆవిడతో నాకు రెండు తగాదాలున్నాయి, ఒకటి మెట్ల మీద కుండీల గురించి, ఒకటి ఆవిడ మా వంకాయ కూరని అన్న మాట గురించి. రెండూ తీరలేదు. అయినా పాప జ్వరంతో బడినుంచి రావాల్సి వస్తే, చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టి, చెప్పుల్లో కాళ్ళు సరిగా పెట్టకుండానే ఆవిడ బయల్దేరుతుందని నాకు తెలుసు. కిందికి వెళ్ళి ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసి, సరే అంది.